ఒంటి ఇంజను మాస్టారు

వైమానిక దళం శిక్షణ కేంద్రంలో కుర్ర పైలట్లు ఆయన్ని చాటుగా ‘ఒంటి ఇంజను మాస్టారు’ అనేవారు. ఒకప్పుడు ఆయన నడిపిన ఒంటి ఇంజను యుద్ధవిమానం గాల్లోనే ఆగిపోయింది. సీటుతో సహా బయటికి ఎగిరిపడి బతికాడు గానీ వెన్నుపూసలు నలిగిపోయాయి. నడుముకి పట్టీ బిగించుకుని పాఠాలు చెప్పే పని మిగిలింది. అయినా ఆ విమానాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు.

తమ్ముడిదీ అదే వైమానిక స్థావరం. రెండింజన్ల విమానం నడిపేవాడు. ఒకసారి భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అనేశాడు.

“నాకు ఒకటి ఆగినా రెండోది ఇంటికి చేరుస్తుంది అన్నయ్యా. నీకు ఆగితే కుర్చీయే గతి.”

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి తన శిష్యుల్లో చురుకైనవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“వాడి విమానానికి బలం ఎక్కువ, ఆయుధాలూ ఎక్కువ. కానీ ఒళ్లు పెద్దది, దూరం నుంచే కంటబడుతుంది. నీ ఒంటి ఇంజను విమానం చిన్నది. ఎండలోంచి దిగు, ఆ వెలుగులో వాడికి కనబడవు.”

ఉత్తుత్తి పోరులో శిష్యుడు అలాగే దిగి తమ్ముడి వెనక చేరాడు. మాస్టారు తమ్ముణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి, శిష్యుడి విమానం కెమెరాలో పడ్డ ఆ పోరు వీడియో వేశాడు. వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు.

“ఇదిగో, ఇక్కడ చచ్చాడు. రెండో ఇంజను ఏం చేస్తోందిరా అప్పుడు?”

తరగతంతా గొల్లుమంది. తమ్ముడు తలెత్తలేదు.

తర్వాతి పోరులో తమ్ముడు పంతంకొద్దీ ఆ శిష్యుడి వెంటపడ్డాడు. దిగకూడని ఎత్తుకి దిగి, విమానాన్ని మెలితిప్పి ముక్కు మరీ పైకెత్తాడు. గాలి సరిగా అందక ఒక ఇంజను ఆగింది. రెండోది పూర్తి బలంతో తోస్తూనే ఉంది. ఆ తోపుకే విమానం బొంగరంలా తిరిగింది. అందులోంచి బయటపడేంత ఎత్తు లేదు. తమ్ముడు విమానంతోపాటే నేలకూలాడు.

తెల్లారి మాస్టారు తమ్ముడి ఇంటికెళ్లాడు. మరదలు గుమ్మంలోనే నిలబడింది.

“రెండున్నాయి కదా బావగారూ, మరి ఎలా పడింది?”

ఆయనకి ఓదార్చడం చేతకాలేదు. పాఠం చెప్పినట్టే చెప్పాడు. “ఒకటి ఆగగానే రెండోదాన్ని తగ్గించాలమ్మా. వాడు తగ్గించలేదు.”

“మీరు తగ్గారా?” అని ఆమె తలుపు వేసేసింది.

వస్తూనే ఆయన మడమతో తోసి విప్పిన బూట్లు మెట్టు మీద ఉన్నాయి. ఆయన వంగలేడు. ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా తమ్ముడే మోకాళ్ల మీద కూర్చుని తొడిగి, తాళ్లు కట్టేవాడు.

“అమ్మా...” అని ఒకసారి పిలిచాడు. తలుపు తెరుచుకోలేదు. బూట్లు అక్కడే వదిలేసి, కంకర గుచ్చుకుంటుంటే మేజోళ్లతోనే తరగతికి నడిచాడు.