పెడల్స్ లేని సైకిల్

ఆ రోజుల్లో ఢిల్లీలో చదువుకునే మాకు రాని విద్యంటూ ఉండేది కాదు, ఫారంలో రాసినంతవరకూ. సివిల్స్ దరఖాస్తులో హాబీ గడి ఖాళీగా వదిలితే బాగుండదని, కటవారియా సరాయ్‌లో నా గదిలోనే ఉండే వరంగల్ అన్న (మూడోసారి రాస్తున్నాడు కాబట్టి మాకందరికీ గురువు) అంటే, తోచిందే చాలని 'సైక్లింగ్' అని రాసేశాను. నిజానికి ఒక్కగానొక్క కొడుకునని అమ్మ ఎక్కనివ్వక, సైకిల్ ఎక్కిన పాపాన పోలేదు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చాక భయం పట్టుకుంది. తొక్కడం రాకపోయినా చదవడం వచ్చు కదా అని బేర్ సరాయ్ పుస్తకాల షాపులన్నీ గాలించాను. చదివేకొద్దీ భయం పోయి సరదా పుట్టింది. మొట్టమొదటి సైకిల్‌కి పెడల్సే లేవట. కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయేవారట. తర్వాత ముందు చక్రానికే పెడల్స్ బిగించారు, వేగం చాలక ఆ చక్రాన్ని దాదాపు మనిషెత్తుకు పెంచారు (పడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు), చివరికి చెయిన్ వచ్చి మనిషిని మళ్లీ నేలకు దగ్గర చేసింది. మెస్‌లో రోటీలు చల్లారేదాకా ఇదంతా చెబుతుంటే అన్న ప్లేటు పక్కకు నెట్టాడు.

"తమ్మీ, గింత చరిత్ర జెప్తున్నవ్ గని, నీకు తొక్కుడొస్తదా?"

నిజం చెప్పాను. తిడతాడనుకుంటే, మర్నాడు పాలవాడి పాత సైకిల్ అడిగి తెచ్చాడు. మూడు రోజులు పడ్డాను, మోచేతులు దోక్కుపోయాయి. ఇంటర్వ్యూకి వారమే ఉంది. నాలుగోరోజు ఆ మొదటి సైకిల్ గుర్తొచ్చి, పంక్చర్ల భయ్యా దగ్గరికి తోసుకెళ్లి పెడల్స్ రెండూ ఊడదీయమన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి ఊడదీశాడు. సీటు దించి, నేలను తన్నుకుంటూ సందంతా తిరిగాను. ఓనరు ఆంటీ బాల్కనీలోంచి చూసి, చదువెక్కువై ఇలా అయ్యాడని పక్కింటావిడతో అందట. సాయంత్రానికి కాళ్లు రెండూ పైకెత్తినా పడలేదు. పెడల్స్ మళ్లీ బిగించేసరికి తొక్కడం వచ్చేసింది.

ఇంటర్వ్యూ బోర్డులో పెద్దాయన, ఎన్నాళ్లుగా తొక్కుతున్నారని అడిగారు. చెప్పడానికి అంత చరిత్ర సిద్ధంగా ఉంది. కానీ నోటివెంట వచ్చింది వేరు.

"పోయిన మంగళవారం నుంచి సార్."

ఎలా నేర్చుకున్నానో విని అందరూ నవ్వారు. జాబితాలో నా పేరు రాలేదు. ఏడ్చాను కూడా.

ఇప్పుడు గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్ ఎక్కుతున్నాను. మొన్న మా నాలుగేళ్ల అమ్మాయికి సైకిల్ కొనబోతే, పిల్లలకు ముందుగా ఇదే నేర్పుతున్నారంటూ షాపతను పెడల్స్ లేని బుల్లి సైకిల్ చూపించాడు.

"పాపా, ఇస్మే పెడల్ క్యోఁ నహీఁ హై?" అని హిందీలో నన్నడిగింది మా అమ్మాయి, దీనికి పెడల్స్ ఎందుకు లేవని.

దాని కథ పెద్దదని మొదలుపెట్టాను. అది వింటేగా, నేలను తన్నుకుంటూ షాపు ఆ చివరికి వెళ్లిపోయింది. దోక్కుపోయిన మోచేతులతో ఆ సందులో తిరిగిన కుర్రాడి మీద నాకు ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది.