గీకేసిన పేరు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నేను వాదించను, లేచి వెళ్లిపోతాను. ఐదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలు నాకు నేనే నేర్చుకుని, గుంతకల్లులో ఒక వేరుశనగ మిల్లులో తూకాలు చూసే పనిలో కుదిరాను. బస్తా తూకం తగ్గితే దానికి కారణం ఉంటుంది. కాయ ఎండి ఉంటుంది, సంచికి చిల్లు పడి ఉంటుంది, లేదా ఎవరో తీసి ఉంటారు. ఇవి కాకుండా మరో కారణం నా అనుభవంలో ఎన్నడూ రాలేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాకున్న వ్యసనం ఒక్కటే, బొమ్మల కథలు. యాభైలలో మద్రాసు నుంచి వచ్చే ఒక మాసపత్రికలో ఓబులేసు అనే చిత్రకారుడు ఒక బొమ్మల కథ వేసేవాడు. ఒక బండివాడు, తన ఎద్దులను ఎత్తుకుపోయిన వాళ్లను వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతాడు. దొరికిన ప్రతివాడి దగ్గరా లెక్క తీర్చుకుంటాడు. పిల్లలు కథ కోసం చదివేవారు. నేను బొమ్మ కోసం కొనేవాణ్ణి.

ఓబులేసు మా సీమ నేలను వేసినట్టు మరొకరు వేయడం నేను చూడలేదు. నిజానికి ఆయన నేలను వేసేవాడే కాదు. కాగితాన్ని అలాగే తెల్లగా వదిలేసి, అడుగున రెండు రాళ్లూ ఒక కలబంద మొక్కా వేసేవాడు. అంతే, చూసేవాడికి కళ్లు చికిలించాలనిపించేంత ఎండ. నీళ్లు మోసే ఆడమనిషిని వేస్తే, బిందె నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది ఆమె మెడ చూసి చెప్పవచ్చు. ఒక్క బొమ్మలోనైనా ఆయన ఇందులో పొరబడ్డాడేమోనని పనిగట్టుకుని వెతికాను. దొరకలేదు.

ప్రతి నెలా స్టేషన్లో పత్రిక కొని, పిన్నులు ఊడదీసి, ఆ పుటలు వేరు చేసి దారంతో కుట్టుకునేవాణ్ణి. తప్పిపోయిన సంచికల కోసం చాలా తిరిగాను. ఒకసారి నల్లమాడలో ఒక టీ హోటలాయన ఆ పుటలను అలమరలో గ్లాసుల కింద పరిచాడని తెలిసి, బస్సెక్కి వెళ్లాను. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"ఏమప్పా, గుంతకల్లు నుంచి ఈ చిరుగు కాగితాలకొచ్చినావా? ఇంట్లో పెండ్లాం తరిమేసినాదా ఏమి?"

గ్లాసుల కింద పరవడానికి కొత్త కాగితాలు నేనే తీసుకుపోయాను. పాతవి విప్పి తెచ్చుకున్నాను. గ్లాసుల మరకలు ఇప్పటికీ వాటి మీద ఉన్నాయి.

ఓబులేసుది యాడికి అనే ఊరని తెలిశాక ఒకసారి వెళ్లి కలిశాను. సన్నగా, కోపిష్టిలా ఉన్నాడు. దళసరి అట్ట మీద, పత్రికలో వచ్చే సైజుకు రెట్టింపు పెద్దగా వేసేవాడు. గీత తప్పితే బ్లేడుతో సిరాను మెల్లగా గీకి, ఆ చోటును గోటితో నున్నగా రుద్ది మళ్లీ వేసేవాడు. ప్రతి అట్ట అడుగునా, బొమ్మ లోపలే, శనక్కాయ ఆకారం గీసి అందులో తన పేరు రాసేవాడు.

బొమ్మ లోపల ఎందుకని అడిగాను.

"బయట రాస్తే కోసేస్తారప్పా. మొదట్లో ఆ పత్రికోళ్లు అట్లే చేసినారు. నేను బొమ్మలు నిలిపేసినా. బండోడు అడవిలో ఉండిపోయినాడు, కథ కదల్లేదు. అప్పుడు దారికొచ్చినారు. కూలి తక్కువిచ్చినా ఊరుకుంటా గానీ, నా పేరు కొట్టేసినోణ్ణి వదల్ను."

అరవైలు మొదలైన కొత్తలో ఆయన జ్వరంతో పోయాడు. పత్రికవాళ్లు తిప్పి పంపిన అట్టలన్నీ ఆయన భార్య నాగమ్మ రేకు పెట్టెలో దాచుకుంది. ఆమెకు పిల్లలు లేరు. కూలికి పోయేది.

ఆ సంగతి తెలిసి గుంతకల్లులో ప్రెస్సు నడిపే ఒకాయన యాడికి వెళ్లాడు. మా మిల్లు చీటీలు అచ్చు వేసేది ఆయనే, నాకు పన్నెండేళ్ల పరిచయం. ఓబులేసు పేరుతో పుస్తకం తెస్తానని నాగమ్మకు చెప్పి, అట్టలన్నీ తెచ్చుకున్నాడు. విన్నప్పుడు నేను సంతోషించాను. ఆ బొమ్మలన్నీ ఒకచోట పుస్తకంగా వస్తే నాకంతకంటే కావలసిందేముంది?

కొన్ని నెలల తర్వాత చీటీల పని మీద ప్రెస్సుకు వెళ్లాను. ఆయన బల్ల మీద ఓబులేసు అట్టలు పరిచి ఉన్నాయి. చేతిలో బ్లేడు. శనక్కాయ లోపలి పేరును గీకుతున్నాడు. పక్కన దొంతరగా పెట్టిన వాటిలో అప్పటికే గీకడం అయిపోయింది. ఆ చోట సిరాతో తన పేరు రాసుకున్నాడు. రాత కూడా బాగా లేదు.

తిన్నగా యాడికి వెళ్లి నాగమ్మకు చెప్పాను. ఆమె మర్నాడే నాతో బయలుదేరి వచ్చింది.

మిట్టమధ్యాహ్నం ప్రెస్సులో అడుగుపెట్టాం. ఆయనా, అక్షరాలు పేర్చే కంపోజిటర్ మస్తానూ ఉన్నారు.

"మా ఇంటాయన కాయ యాడ?" అని అడిగింది నాగమ్మ.

"యా కాయమ్మా? ఇది ప్రెస్సు. శనక్కాయలు కావల్లంటే మండీకి పో," అని ఆయన నవ్వాడు.

"ఆయన పేరేసి పుస్తకం తెస్తానని కదా ఎత్తుకపోయినావు?"

"పుస్తకం వస్తాది లేమ్మా. నా పేరుంటే నాలుగూర్లలో కొంటారు. సచ్చిపోయినోనికి పేరెందుకు? పది కాపీలు ఊరికే ఇస్తా, తీసుకపో."

ఆమె ఏడవలేదు, అరవలేదు. బల్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క అట్ట మీదా గీకిన చోట వేలు పెట్టి తడిమింది. ఆమెకు చదువు రాదు. కానీ ఒక్క చోటు కూడా తప్పిపోలేదు.

"నువ్వు గీకిన చోట నీ పేరు నిలవదు," అంది. "ఈ అట్టల మీదే కాదు. యాడా నిలవదు."

"ఎవురు నిలవనీరు? నువ్వా?"

"నాకేం శాతనవుతాదప్పా. ఆయప్పే సూసుకుంటాడు."

అట్టలు ఇమ్మని అడిగింది. ఆయన ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని బయటికి నెట్టాడు. అడ్డుపడిన నన్నూ నెట్టాడు. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ ఒంట్లో ఉంది. అది కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి నాకు జాలి కలగలేదు.

రెండు రోజులకు మస్తాన్ మిల్లుకు వచ్చాడు. అట్టల మీద యజమాని రాసుకున్న పేరు తెల్లారేసరికి పోయిందట.

"సావుకారు పేరు సెలవు పెట్టిందన్నా," అని నవ్వాడు. "బొమ్మంతా అట్లే ఉండాది. పేరొక్కటే లేదు."

సిరా మంచిది కాదేమోనని నేనే అన్నాను. గీకిన అట్ట మీద సిరా సరిగ్గా పట్టదు, అది సహజమే. ఆయన కొత్త సిరా తెప్పించి మళ్లీ రాశాడు. మళ్లీ పోయింది. అప్పుడు పేరు అట్ట మీద వద్దని, పుస్తకం ముందు పుటలో అచ్చు అక్షరాలతో వేయమన్నాడు. ఆ రోజు మస్తాన్ నన్ను పిలిపించాడు. ఈసారి అతను నవ్వడం లేదు.

ఇక్కడ నేను చూసింది చూసినట్టు రాస్తాను.

ఇనుప చట్రంలో సీసపు అక్షరాలు బిగించి ఉన్నాయి. మీద పుస్తకం పేరు, కింద ప్రెస్సాయన పేరు. మస్తాన్ సిరా పూసి కాగితం వేసి తీశాడు. పుస్తకం పేరు నల్లగా పడింది. కింద ఏమీ లేదు, తెల్ల కాగితం. నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. ఎత్తు సమానంగానే ఉంది, సిరా నా వేలికి అంటింది. మళ్లీ వేయించాను. అదే.

అప్పుడు నాకు తోచిన పరీక్ష చేయించాను. ఆ పేరులోని అక్షరాలనే విప్పించి, వేరే వరుసలో పేర్పించాను. అర్థం లేని మాట అయింది, కానీ చక్కగా అచ్చు పడింది. అవే అక్షరాలను తిరిగి పేరుగా పేర్చాం. పడలేదు. కాగితం మార్చాం, సిరా మార్చాం, నేనే స్వయంగా పేర్చాను. మస్తాన్ అక్షరాలు కింద పోసేశాడు.

"నాకీ పని వద్దన్నా," అని చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అది ప్రెస్సాయన చేతి మీదికి వచ్చింది. కలం పడితే ఉత్తరమంతా రాయగలడు. చివర సంతకం దగ్గర చెయ్యి కదులుతుంది, కలం కదులుతుంది, సిరా దిగదు. బళ్లారి డాక్టరు చూసి నరాల్లో ఏ లోపమూ లేదన్నాడట. ఇంటి స్థలం రిజిస్ట్రేషన్‌కు పోతే సంతకం పడక వేలిముద్ర వేయమన్నారు. వేసిన ముద్రలో గీతలు లేవు, ఉత్త నల్లటి మచ్చ. ఇది ఆయనే నాకు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో భయం చూశాను.

"నువ్వే కదప్పా ఆమెను పిలుచుకొచ్చినావు. నువ్వే నన్ను తీసుకపో," అన్నాడు.

అట్టలన్నీ పాత దుప్పటిలో మూటకట్టుకుని వచ్చాడు. ఇద్దరం యాడికి వెళ్లాం. ఆ ఏడు వానలు లేవు. కరువు పని కింద ఊరి బయట రోడ్డు వేస్తున్నారు. నాగమ్మ అక్కడ కంకర కొడుతోంది. మధ్యాహ్నపు సంగటి తిని జనం రాళ్ల కుప్పల పక్కన కూర్చుని ఉన్నారు.

ఆయన మూట ఆమె ముందు పెట్టాడు. "తీసుకోమ్మా. నన్నొదిలేయ్," అన్నాడు.

ఆమె మూట విప్పి చూసింది. గీకిన చోట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"వట్టి కాయలు నాకెందుకు?" అంది. "యా చేత్తో గీకినావో ఆ చేత్తోనే రాయి."

"నాకు ఆయప్ప రాత రాదమ్మా."

"రాయి."

ఆయన ఎండలో రాళ్ల మీద కూర్చుని, మొదటి అట్ట ఒళ్లో పెట్టుకుని, జేబులోంచి కలం తీశాడు. ఏ అక్షరమూ తిన్నగా రాయలేని మనిషి. పక్కనే నిలబడి చూశాను. కలం దిగింది. ఓబులేసు అని రాసింది. ఆయన రాతలో కాదు, ఓబులేసు రాతలో. ఆ ఓ మీద వంపు, ఆ సు కింద తోక, ఏళ్ల తరబడి నేను చూస్తున్నవే. ఒక్క అట్ట దగ్గర కూడా చెయ్యి ఆగలేదు. ఆయన, ఆ చెయ్యి తనది కాదన్నట్టు దాన్నే చూస్తున్నాడు. చెమట కారి అట్ట మీద పడింది. సిరా చెదరలేదు.

మరుసటి రోజూ, ఏడాది తర్వాతా వెళ్లి ఆ అట్టలు చూశాను. పేర్లు అలాగే ఉన్నాయి. ఎండకు ఎదురుగా పట్టి చూశాను. బ్లేడుతో గీకితే అట్ట పలచబడి, ఆ చోట వెలుతురు ఎక్కువ కనబడాలి. ఎక్కడా పలచన లేదు. దీనికి కారణం నేను చెప్పలేను. చెప్పగలవాళ్లు కూడా నాకు కనబడలేదు.

ఆ రోజు రాయడం అయిపోయాక ఆయన లేచి చేతులు జోడించాడు.

"అయిపోయింది కదమ్మా. ఇంక నా పేరు నాకిచ్చేయ్."

నాగమ్మ అట్టలు మూటకడుతూ తలెత్తి చూసింది.

"నీ పేరేమప్పా?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. నా వైపు తిరిగాడు, నువ్వు చెప్పు అన్నట్టు. చెప్పబోయాను. పన్నెండేళ్లుగా నేను పిలిచిన పేరు, ప్రెస్సులో నా చేత్తో అక్షరం అక్షరం పేర్చిన పేరు. నాలుక మీదికి రాలేదు. ఆనాటి నుంచీ రాలేదు. మస్తాన్‌ను అడిగితే, "మా సావుకారు" అని మాత్రమే అంటాడు. అడగవద్దంటాడు.

"నాకూ తెలీదు, నీకూ తెలీదు," అంది నాగమ్మ. "ఇంక పో."

అంతలో రోడ్డు మేస్త్రీ విజిలేసి, పేర్ల కాగితం తీసి మధ్యాహ్నం హాజరు పిలవడం మొదలుపెట్టాడు. జనం లేచి సుత్తులు అందుకున్నారు. ప్రెస్సాయన రాళ్ల మధ్య అలాగే నిలబడ్డాడు.

"ఓబులేసు పెండ్లాం నాగమ్మా!" అని కేకేశాడు మేస్త్రీ.

ఆమె మూటను పక్కన పెట్టుకుని, కొంగు తలకు చుట్టుకుంది.

"ఇంగోసారి గట్టిగా పిలువు సామీ!" అంది.

"ఏం, చెవుడొచ్చిందా? ఓబులేసు పెండ్లాం నాగమ్మ!"

"ఉండా!" అని ఆమె సుత్తి ఎత్తింది.