హఫీజ్ కొట్టిన గోలు

మచిలీపట్నం నుంచి వెళ్లి, ఫుట్‌బాల్ ఆడి జీతం తెచ్చుకున్నవాడు హఫీజ్. విశాఖలో ఒక కంపెనీ జట్టు వాళ్లు అతని ఆట చూసి కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆ తర్వాత ఏటా పొడిగిస్తూ వచ్చారు. మనిషి పొడగరి. గాల్లోకి లేచి తలతో గోలు కొట్టడంలో అతనికి పేరు.

1994 వేసవిలో సెలవు మీద బందరు వచ్చినప్పుడు, గుడివాడ టోర్నమెంటులో ఊరి జట్టు తరఫున దిగాడు. అవతలి జట్టు గోల్‌కీపర్ ఇస్సాకుది నాగాయలంక వైపు. రెండో సగంలో పక్కనుంచి బంతి ఎత్తుగా వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఎగిరారు. బంతి హఫీజ్ తలకు తగిలి లోపలికి పోయింది. అతని మోకాలు ఇస్సాకు పొట్టలో బలంగా తగిలింది.

ఇస్సాకు కాసేపు అలాగే పడుకుని లేచాడు. ఏం కాలేదన్నాడు. ఆట అయ్యేదాకా నిలబడ్డాడు. మర్నాడు ఇంట్లో కడుపు ఉబ్బిపోతే విజయవాడ తీసుకెళ్లారు. లోపల ఏదో పగిలిందన్నారు డాక్టర్లు. బతకలేదు.

హఫీజ్ తప్పేమీ లేదని రిఫరీ చెప్పాడు, పోలీసులు చెప్పారు, చివరికి ఇస్సాకు జట్టువాళ్లూ చెప్పారు. అతను విన్నాడు. ఏడుపు రాలేదు. అన్నం తిన్నాడు, నిద్ర కూడా పట్టింది. అదే అతనికి వింతగా ఉండేది.

నెల్లాళ్లకు బస్సెక్కి ఇస్సాకు ఇంటికి వెళ్లాడు. తల్లి సంతోషమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తనెవరో చెప్పాడు. ఆమె మంచం వాల్చి, మంచినీళ్లిచ్చింది.

“గోలయిందా బాబూ?” అని అడిగింది.

“అయిందమ్మా.”

“ఆపానని చెప్పాడే నాతో.”

ఆమె మళ్లీ చేపల దగ్గరికి వెళ్లిపోయింది.

విశాఖలో ఆట మొదలైంది. ఎప్పటిలాగే పరుగెత్తేవాడు, పాస్‌లు ఇచ్చేవాడు. ఎదురుగా గోల్‌కీపర్ ముందుకొస్తే మాత్రం కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. భయమా అని కోచ్ అడిగాడు. భయం కాదని, ఊరికే ఆగిపోతున్నానని చెప్పాడు. ఆ ఏడు కాంట్రాక్టు పొడిగించలేదు.

చిలకలపూడిలో మేనమామ ముక్తార్‌కు రోల్డ్‌గోల్డ్ నగలకు పూత వేసే షెడ్డు ఉంది. హఫీజ్ అందులో చేరాడు. ఫౌజియాను పెళ్లి చేసుకున్నాడు. గాజులు పూత నీళ్లలో ముంచడం, తీయడం, ఆరబెట్టడం. ఎవరైనా పాత మ్యాచ్‌ల సంగతి ఎత్తితే ఇంకో విడత గాజులు ముంచేవాడు.

2003లో సంతోషమ్మ కంటి ఆపరేషన్‌కని బందరు వచ్చింది. తోడు ఎవరూ లేరు. వాకబు చేసి హఫీజ్‌కు కబురు పెట్టింది. ఫౌజియా ఆమెను ఇంట్లోనే ఉంచుకుని వేళకు చుక్కల మందు వేసింది. ఉన్నన్నాళ్లూ ఇస్సాకు పేరు ఎవరూ ఎత్తలేదు.

“మీ ఆయన మాటాడడేంటమ్మా?” అని అడిగింది సంతోషమ్మ వెళ్లేరోజు.

“నేనొచ్చినప్పట్నించీ అంతేనండీ” అంది ఫౌజియా.

దిగబెట్టడానికి హఫీజ్ కూడా అవనిగడ్డ బస్సెక్కాడు. మోపిదేవి వెళ్లే జనంతో బస్సు కిక్కిరిసింది. చల్లపల్లిలో ఇద్దరికీ సీటు దొరికింది. కాసేపటికి ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కింది. అతను కదల్లేదు.