ఎర్రపోగు విప్పిన పొద్దు

నాకు నా పేరు రాసేది వస్తాది, అంతే. నేను చెప్తాంటే నా కూతురు రాస్తాంది.

మా ఆయన ఉన్నప్పుడు ఏ పొద్దు ఏం పని అనేది ఆయనే చెప్తాండె. ఆయన పోయినంక అన్నీ నా తలకాయలోకొచ్చి పడినాయి. ఎమ్మిగనూరులో మూడు మగ్గాల ఇండ్లకు నూలు కండెలు చుడతా. కాలమొస్తే పత్తి తీయను పోతా. నడుమ పింఛన్‌కు వేలిముద్ర, బియ్యం, బీపీ మాత్రలు. కూడు ముందర పెట్టుకోని లేచి, ఏంటికి లేచినానో తెలీక వాకిట్లో నిలబడిన పొద్దులుండాయి.

దానికొక ఉపాయం చేసుకుంటి. మగ్గాల కాడ మిగిలిన పోగులు తెచ్చి, వంటింటి గోడకు మేకు కొట్టి, పనికొక పోగు ముడేసేది. సొంత పనికి తెల్లది, కూలి పనికి పచ్చది, ఒకరికి మాటిచ్చిన పనికి ఎర్రది. పని అయిపోయినంకనే ముడి ఇప్పల్ల. అదొక్కటే కట్టడి. మేకు బోడిగా ఉన్న పొద్దు కడుపునిండా తింటాంటి.

నా కూతురు ఆదోనిలో బట్టలంగట్లో పని చేస్తాది. ఆదివారమొచ్చి నా మేకును చూసి నవ్వింది. ఒక ఫోన్ కొనిచ్చి, వారానికి సరిపడా పనులన్నీ తన గొంతుతోనే అందులో పెట్టిపోయింది. టైమైతే "అమ్మా, మాత్రలు" అంటాది, "అమ్మా, కండెలు" అంటాది. మొదట ముద్దుగానే ఉండె. రాన్రాను అది పలకకముందే చేతిలో పని ఇడిసి దాని నోరు నొక్కను ఉరుకుతాంటి. మగ్గాల చప్పుడులో గూడా అదే ఇనపడతాండె.

మా పక్కింట్లో ఒక అవ్వ ఒంటిగా ఉంటాది. రెండు కండ్లకూ పొర కమ్మింది. పొయ్యి తడుముకోని చెయ్యి కాల్చుకున్న పొద్దు, ఆదోనికి కంటి ఆపరేషన్‌కు తీసకపోయే బండి బడి కాడికి వస్తాదని తెలిసింది. నేనే పిల్చకపోతానని మాటిచ్చి ఎర్రపోగు ముడేస్తి. నా కూతురికి చెప్పి ఫోన్లో గూడా పెట్టిస్తి.

బండొచ్చే దినం పొద్దన్నే ఫోన్ పలికింది: "అమ్మా, అవ్వ బండి." దాని నోరు నొక్కినా. నొక్కిన చెయ్యి అట్లే గోడకు పోయి ఎర్రపోగు ఇప్పేసింది. ఫోన్ ఊరకైతే పని అయిపోయినట్లే అనుకునేది అప్పటికే అలవాటైపోయిండె. మేకు మీద ఎర్రది లేదు కదా అని కండెల కాడికి పోయినా.

మాపటికి తిరిగొస్తాంటే అవ్వ అరుగు మీద కూచోనుండాది. ఉతికిన చీర, ఒళ్ళో సంచి. నా అడుగుల చప్పుడు ఇని, "బండి ఇంగా రాలేదా మే?" అని అడిగింది.

అప్పుడు గానీ నాకు గుర్తు రాలే. పక్కనే కూచోని, చేసిందంతా చెప్తి. ఆయమ్మ తిట్టలే. సంచి కింద పెట్టి చెయ్యి చాపి, "ఆ పోగు నా చేతికి కట్టు. కండ్లు నావి గదా, ముడి నీ గోడకెందుకు?" అన్నింది. ఇంట్లోకి పోయి ఎర్రపోగు తెచ్చి కడ్తి.

బండి మళ్ళా ఎప్పుడొస్తాదో చెప్పేవాళ్ళు లేరు. మర్నాడు కూలి మానుకోని, ఇద్దరమూ మామూలు బస్సెక్కి ఆదోని పెద్దాసుపత్రికి పోతిమి. మూడుసార్లు తిరిగితే గానీ ఆపరేషన్‌కు పిలవలే. లోపలికి తీసకపోయేముందు అవ్వ చేతికున్న పోగు కత్తిరించల్లని నర్సమ్మ అనింది. అవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది.

"పని కాకముందే ఇప్పితే ఏమైతాదో దీన్నడుగు," అని నా పక్క తల తిప్పింది.

నర్సమ్మ నా మొకం చూసి, ఏమనుకుందో ఏమో, పోగు మీద తెల్లపట్టీ అంటించి తీసకపోయింది.

కంటి కట్టు ఇప్పిన పొద్దు అవ్వ మొదట నన్ను చూసింది. "ముసలిదానివైపోయినావు మే," అన్నింది. నవ్వుతా నేను చేతి పోగు ఇప్పబోతే చెయ్యి లాక్కుంది.

"ఇంగో కన్నుండాది."

ఫోన్ నోరు ఇప్పుడు నా కూతురితో మూయించినా. మేకు మీద పోగులు మళ్ళా ఉండాయి, ఎర్రవి తప్ప. ఎర్రపోగు ఎవరి పనైతే వాళ్ళ చేతికే కడతా. అయినా నిమ్మళం లేదు. కండె చుడతాంటే గూడా కండ్లు పక్కింటి అరుగు మీదికే పోతాయి. అవ్వ గింజలు చెరుగుతాంటాది. చాట ఆడినప్పుడల్లా చేతికున్న ఎర్రపోగు ఆడతాంటాది.