వెనకబడ్డ డోలక్

సూగప్ప డోలక్ పట్టాడంటే మల్లట్ ఊరి భజనలో తాళాలు తడబడేవి కావు. పాట ఆయన భార్య మంజమ్మది. ప్రతి చరణం చివరా ఆమె కాస్త ఆగేది. ఆ ఖాళీలో ఆయన ముక్తాయింపు వాయించాలి. గొప్పకు పోయి పొడిగించాడో, "అయిందా, ఇంకా ఉందా నీ సంబరం?" అని అందరి ముందే ఎకసెక్కెమాడి, తర్వాతి చరణం ఎత్తుకునేది.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం నిలుస్తుంది గానీ మాట ఉండదన్నారు రాయచూరు డాక్టర్లు.

"గొంతు పోకముందే నా పాట, నీ డోలక్ ఒక్కతాన ఫోన్ల పట్టిపెట్టు. ఎనక ఇద్దరం కూసొని ఇందాం," అంది మంజమ్మ.

అప్పటికే ఆమె గొంతు సన్నగిల్లింది. పక్కన డోలక్ మోగితే, పట్టినదాంట్లో పాట మునిగిపోతోంది. అందుకని బెంగళూరులో ఉన్న కూతురు దేవిక ఫోనులో ఉపాయం చెప్పింది: ముందు పాట ఒక్కటే పట్టాలి, తర్వాత దాన్ని వింటూ డోలక్ వాయిస్తే ఫోనే రెండూ కలుపుతుంది. చెవుల్లో పెట్టుకోవడానికి వైరు లేని బడ్స్ కూడా పంపింది.

మంజమ్మ పాడింది. మర్నాడు సూగప్ప బడ్స్ పెట్టుకుని వాయించాడు. వాయిస్తున్నంతసేపూ అంతా కుదిరినట్టే ఉంది. తీరా రెండూ కలిపి వింటే డోలక్ పాట వెనకాల కుంటుకుంటూ వస్తోంది. ముక్తాయింపు పోయి తర్వాతి చరణాన్ని తొక్కేస్తోంది. ఎన్నిసార్లు వాయించినా అంతే. తప్పుతున్నట్టు తనకే తెలియకుండా తప్పుతున్నాడంటే, ఇక చెయ్యి పోయినట్టేననుకున్నాడు.

ఆపరేషన్‌కు ముందు శనివారం భజన పెద్ద శరణప్ప ఇంటికొచ్చాడు.

"సూగన్నా, వదినె ఆఖరిసారి పాడ్తది. లెవ్వు, డోలక్ తీస్కో."

"ఇంకెవర్నన్న కొట్టమను. నా చెయ్యి ఎనకబడ్తుంది."

"ఎవరన్నరు గట్ల?"

"ఫోనే చెప్పింది."

"ఫోను చెప్తే ఇంటడు, పెండ్లాం చెప్తే ఇనడు," అని లోపలినుంచి నవ్వింది మంజమ్మ. ఆ నవ్వూ బొంగురుపోయింది.

ఆమె చివరి పాట తన వల్ల చెడకూడదని సూగప్ప గడప దాటలేదు. ఆమె వట్టి తాళాలతోనే పాడింది. చరణం చివర అలవాటుగా ఆగిందట. ఆ ఖాళీ అలాగే పోయిందట.

ఆపరేషన్ అయి ఇద్దరూ ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక చూస్తే బడ్స్‌లో చార్జింగ్ లేదు. గూట్లో దేవిక కాలేజీనాటి వైరు ఇయర్‌ఫోన్ దొరికింది. మనసు ఊరుకోక, దాన్ని పెట్టుకుని మళ్లీ వాయించి విన్నాడు. డోలక్ పాటను ఒరుసుకుని నడిచింది! చెయ్యి బాగయిందని పొంగిపోయాడు. అంతలోనే అనుమానం వచ్చింది. బడ్స్‌కు చార్జింగ్ పెట్టి వాయించాడు. వెనకబడింది. వైరుతో వాయించాడు. కలిసింది.

దేవికకు ఫోన్ చేశాడు.

"బడ్స్‌ల పాట చెవికి జర ఆలస్యంగ చేర్తది నాయనా. నువ్వు ఇన్నదానికి సరిగ్గనే కొట్టినవ్. ఫోన్ల పాట అప్పటికే ముందుకు పోయింటది. నాకు ముందే తట్టకపాయె."

"అంటే ఆ శనివారం నా చెయ్యి మంచిగనే ఉండె?"



సూగప్ప వచ్చి మంజమ్మ పక్కన కూర్చున్నాడు. వైరు ఒక కొస ఆమె చెవిలో, ఒకటి తన చెవిలో పెట్టి పాట నడిపించాడు. ఆమె మెడ కట్టు మీద చెయ్యి వేసుకుని తన గొంతు తానే వింది. ఆఖరి చరణానికి ముందు పాట చాలాసేపు ఆగింది. ఆయన పొడిగిస్తాడని తెలిసి, పాడిన రోజే అంత చోటు వదిలిపెట్టింది. డోలక్ ఆ చోటంతా నిండా మోగింది.

మంజమ్మ ఆయన వైపు తిరిగి పెదవులు కదిపింది. చప్పుడు రాలేదు. అయినా ఆమె ఏమందో ఆయనకు తెలుసు.

"అయింది," అన్నాడు సూగప్ప, తల ఎత్తకుండా.