ఆ పాటలోని విరుపు

మా అత్తమ్మకు సంగీతం గురించి ఏమీ తెలియదు, తెలుసుకునే ఉద్దేశం కూడా లేదు. అయినా మా అమ్మాయి ఆ పాట ఎత్తుకున్నప్పుడల్లా వంటింట్లోంచి ఒకటే మాట వచ్చేది. "పిల్ల గట్ల ఆయాసపడుతున్నది, జర మిరియాల కషాయం పెట్టి ఇయ్యరాదు?" నేను నవ్వేదాన్ని. రాక్ పాటంటే ఏమిటో ఈమెకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పేది అనుకుని ఊరుకునేదాన్ని.

ఆ పాట నాకు తాండూరులో అంటుకుంది. మా పుట్టింటివాళ్ళది కందుల వ్యాపారం. మా గోడ అవతల బండలు పాలిష్ చేసే షెడ్డు ఉండేది. ఆ షెడ్డు యజమాని కొడుకు నాకన్నా కాస్త పెద్దవాడు, చిన్నప్పటి నుంచీ భాయ్ అనే పిలుస్తాను. అతను హైదరాబాదు నుంచి ఒక క్యాసెట్ తెచ్చుకుని, కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడల్లా బ్యాటరీల టేప్‌రికార్డర్‌లో పెట్టేవాడు. కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది. నేను మాత్రం కందుల బస్తాలెక్కి గోడకు చెవి ఆనించేదాన్ని.

ఆ క్యాసెట్‌లో ఆరు పాటలు. గిటారు, డ్రమ్ములు ఇంగ్లీషు పాటల్లా మోగుతుంటే మాటలు మాత్రం మన ఇళ్ళలో మాట్లాడుకునేవి. పాడినాయన సినిమాలకు పాడలేదు, టీవీలో కనబడలేదు. అయినా ఆ క్యాసెట్ చేతులు మారుతూ చాలా ఊళ్ళు తిరిగి, ఊరికి ఒకరిద్దరు పిచ్చివాళ్ళను తయారుచేసింది. నాలుగో పాటలో ఒక చరణం ఉంది. "బండి ఎల్లిపోయినా నేను నిలబడే ఉంటా" అని. "నిలబడే" దగ్గర గొంతు ఉన్నట్టుండి తెగిపోతుంది. గిటారు కూడా ఆగిపోతుంది. తర్వాత ఊపిరి పీల్చిన చప్పుడు, ఆ తర్వాత "ఉంటా". దానికి మేం విరుపు అని పేరు పెట్టుకున్నాం.

ఆ విరుపు మీద ఎవరి సిద్ధాంతం వాళ్ళకుండేది. అది కోపాన్ని మింగడం అని భాయ్ వాదన. కాదు, ఏడుపును ఆపుకోవడం అని నాది. పూడూరులో మాలాగే ఆ క్యాసెట్ పిచ్చి పట్టిన లెక్కల సారు ఒకరు ఉన్నారు, ఆయన తాళానికి ఎదురు తిరగడమే అసలు సంగతి అనేవారు. మేము ఎన్నికలప్పుడు కూడా అంతగా కొట్టుకోలేదు. భాయ్ ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాక గొడవ ఇంకా పెద్దదైంది. కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ చరణం పాడి వాయిస్ మెసేజ్ పంపాలి. విరుపు పడాల్సిన చోట పడితేనే లోపలికి రానిచ్చేవాళ్ళం. గుక్క తిప్పుకోకుండా పాడేసినవాణ్ణి పెళ్ళి బ్యాండులో చేరమని వెక్కిరించేవాళ్ళం. వెక్కిరించడంలో నాదే ముందు చెయ్యి.

పోయిన చలికాలంలో గ్రూపులో ఎవరో ఆ గాయకుణ్ణి వెతికి పట్టుకున్నారు. ఎక్కడో బడిలో పిల్లలకు పాటలు నేర్పుతున్నాడట. ఒక ఆదివారం అందరితో వీడియోలో మాట్లాడతానని ఒప్పుకున్నాడు. ముందుగా ఒక చిన్న మెసేజ్ పంపాడు. "గా ఆరు పాటలు మళ్ళ పాడి రికార్డు చేద్దామనుకుంటున్న. మీరు వినేటోళ్ళు. మీరు వద్దంటే ఊకుంట."

గ్రూపు భగ్గుమంది. ఎందుకంటే తర్వాతెప్పుడో ఆయన చేసిన రెండో క్యాసెట్ మేమందరం విన్నాం. గొంతు నిండుగా, నున్నగా, ఎక్కడా విరుపన్నది లేకుండా ఉంది. ఈయన పని అయిపోయిందని అప్పుడే తేల్చేశాం. ఇప్పుడు ఆ గొంతుతో మా పాటల జోలికి వస్తానంటున్నాడు. మర్యాదగా వద్దని చెప్పాలని నిర్ణయించాం. ఎవరు చెప్పాలి అన్న దగ్గర భాయ్ నా పేరే చెప్పాడు. "నీ నోటికి మొగోళ్ళు కూడ భయపడతరు చెల్లె. నువ్వే చెప్పు."

ఆ ఆదివారం మా అమ్మాయిని తీసుకుని, మేముండే వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కి తాండూరు పోయాను. ఊరికే వద్దంటే ఏం బాగుంటుంది, ఆ విరుపు విలువేమిటో ఆయనకే వినిపించి తర్వాత వద్దందామని నా ఎత్తు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ పాట ఉగ్గుపాలతో నేర్పాను. విరుపు దానికి పడ్డట్టు గ్రూపులో ఎవరికీ పడదు.

భాయ్ షెడ్డులో ఆఫీసు గది ఉంది. ఆదివారం కాబట్టి మిషన్లు లేవు. చుట్టుపక్కలవాళ్ళం కొందరం అక్కడ కూర్చున్నాం, మిగతావాళ్ళు ఎవరిళ్ళలోంచి వాళ్ళు తెర మీదికి వచ్చారు. ఆయన కనబడగానే నాకు నిరాశ కలిగింది. పొడుగు జుట్టు, తోలు జాకెట్టు ఊహించుకున్నాను. స్వెట్టరు, కళ్ళద్దాలు వేసుకున్న పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. గిటారు ఎవరిది, డ్రమ్ములు ఎవరు కొట్టారు, స్టూడియో ఎక్కడ అని అందరూ అడిగారు. అన్నిటికీ పొట్టి పొట్టి జవాబులు చెప్పాడు.

"సార్, మా బిడ్డ మీ పాట పాడుతది, జర వినుండ్రి" అన్నాను.

పాడింది. "నిలబడే" దగ్గర తెగింది, ఊపిరి పీల్చింది, "ఉంటా" అంది. గదిలో ఉన్నవాళ్ళం ఒకరినొకరు చూసుకుని తలలూపాం. తెర మీద ఆయన మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి మా అమ్మాయి ముఖంలోకి చూస్తున్నాడు.

"అమ్మా, పాపకు గిట్ల ఎన్నాళ్ళ సంది ఉన్నది?"

"చిన్నప్పటి సందే సార్" అన్నాను గర్వంగా.

"డాక్టర్‌కు చూపెట్టిండ్రా? దగ్గుతే తెమడ పడుతదా? పొద్దుమీకితే జ్వరం గిట్ల వస్తదా?"

నాకు అర్థం కాలేదు. "ఏం లేదు సార్. పిల్ల మంచిగనే ఉన్నది. విరుపు నేనే నేర్పిన, మీది విని."

"నేర్పినవా?" అన్నాడు. తర్వాత చాలా మామూలుగా చెప్పాడు. "అప్పుడు నాకు టీబీ. మీ వికారాబాద్ గుట్ట మీది దవాఖానలనే ఉన్న."

ఆ గుట్ట మా మేడ మీదికి కనబడుతుంది. పులిహోర కట్టుకుని మేము షికారుకు పోయే గుట్ట అది.

"మందులు మొదలై మస్తు దినాలైంది, ఇగ ఎవ్వరికి అంటుకోదని డాక్టరు చెప్పిండు. కని ఊపిరి వస్తలేకుండె. స్టూడియో దొరికిందని దోస్తులు కబురు పెట్టిండ్రు. దవాఖానల చెప్పకుంట దిగొచ్చి రైలెక్కిన. గా లైను కాడికొచ్చేసరికి ఊపిరి అందలే. మైకు కాడికెల్లి మొఖం తిప్పి దగ్గిన. ఆగకుంట దగ్గిన. గిటార్ కొట్టెటోడు పరేషాన్ అయి చెయ్యి ఆపిండు. మళ్ళ పాడుదమంటే నాతోని కాలే. దగ్గు వరకు కోసేసి, మిగిలింది గట్లనే ఉంచిండ్రు."

కోపం అన్న భాయ్ తల దించుకున్నాడు. లెక్కల సారు తన వీడియో ఆపేసుకున్నారు.

"మరి గిన్నేండ్లు చెప్పలేదేంది సార్?" అని ఎవరో అడిగారు.

"అందరు గదే బాగుందంటిరి. టీబీ అని చెప్తే పక్కన కూసోనిస్తరా? తర్వాత నయమైంది. నయమైనంక పాడితే ఎవ్వరికి నచ్చకపాయె." ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. "ఇగ చెప్పుండ్రి. పాడాల్నా, వద్దా?"

అందరూ నావైపు చూశారు. నా నోటికి మగవాళ్ళు కూడా భయపడతారు కదా. ఒక మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను గోడకు చెవి ఆనించి ఆహా అనుకున్నాను. అంతటితో ఆగక దాన్ని కన్నబిడ్డకు నేర్పాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "ఇప్పుడు గా లైను ఒక్కసారి పాడుతరా సార్?"

పాడాడు. చివరిదాకా ఒకే గుక్కలో, వయసు తెలిసే గొంతుతో, ఎక్కడా తడబడకుండా. ఉన్నమాట చెప్పాలంటే నాకు నచ్చలేదు. అంతా విన్న తర్వాత కూడా నా చెవి ఆ దగ్గును కోసేసిన ఖాళీనే వెతుక్కుంది. ఆయన చెప్పినదానికన్నా నన్ను ఎక్కువ హడలగొట్టింది ఇదే. మనిషి బాగుపడితే నాకు నచ్చడం లేదు. నేను ఎలాంటిదాన్ని అని భయం వేసింది.

ఆయన నన్ను చూడటం లేదు. "బిడ్డా, ఇప్పుడు నువ్వు ఆపకుంట పాడు" అన్నాడు మా అమ్మాయితో.

పాడింది. "నిలబడే" దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మా మేడ మెట్లన్నీ పరుగున ఎక్కే పిల్ల, ఆ ఒక్క మాట దాటలేకపోతోంది. "అమ్మా, వస్తలేదు" అని నావైపు తిరిగింది. దాని కళ్ళలో బెదురు కనబడింది.

"ఏం ఫికర్ లేదు" అన్నాడాయన. "మొదటనే నిండ ఊపిరి తీసుకో. నిలబడే అన్నంక నోరు మూయకు, గట్లనే పోనియ్యి. అప్పుడు నాకు లేకుండె. నీకున్నది కద."

తనూ దానితో కలిసి పాడాడు. ఎన్నిసార్లో గుర్తులేదు. చివరికి ఒకసారి అది దాటింది. శ్రుతి కొంచెం జారింది, గొంతు వణికింది, కానీ తెగలేదు. తెర మీద ఆయన కళ్ళద్దాలు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ తుడుస్తూనే ఉన్నాడు.

"పాడుండ్రి సార్" అన్నాను. "ఆరు పాటలు పాడుండ్రి. నాకు ఇప్పుడైతే ఎక్కలే. ఎక్కేదాంక వింట."

ఆయన నవ్వాడు. అంతసేపట్లో నవ్వడం అదే మొదలు. భాయ్ లేచి, చాయ్ చెప్పొస్తానని బయటికి పోయి, చాలాసేపటిదాకా రాలేదు.

మర్నాడు పొద్దున బడికి తయారవుతూ మా అమ్మాయి ఆ పాట ఎత్తుకుంది. నేను జడ వేస్తున్నాను. "నిలబడే" వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. అది ఆగలేదు, "ఉంటా" దాకా పోయింది. అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"పిల్లకు నయమైనట్టున్నది గద" అంది.

"పిల్లకైతే అయింది అత్తమ్మా" అన్నాను.