కడగని ఇంజన్

మా పాత కారు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మధ్యలో ఆగిపోయింది. పక్క సీట్లో మా ఆయన. ఆయనకు వారానికి మూడు రోజులు డయాలసిస్. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసలు కొడుతుంటే నేను దిగి, వచ్చే పోయే బండ్లకు చేతులూపుతూ నిలబడ్డాను. ఆ ఫ్లైఓవర్ మీద నడిచి దిగడానికి దారి లేదు, అడిగితే వచ్చే ఆటో లేదు. టోయింగ్ బండి మమ్మల్ని కిందికి దించేసరికి ఆస్పత్రిలో ఆయన మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాటికి ఆయన కాళ్ళు ఎంత ఉబ్బాయంటే చెప్పులు పట్టలేదు.

ఇంజన్ పోయిందన్నారు. లోపల రెండు ఇనప దిమ్మల మధ్య గ్యాస్కెట్ అని పలచటి రేకు ఉంటుంది. అది కాలిపోతే చల్లబరచాల్సిన నీళ్ళు ఆయిల్లో కలిసిపోతాయి. ఆ మోడల్లో, ఆ ఏళ్ళలో వచ్చిన ఇంజన్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బట. మెకానిక్కులందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు.

అయినా మళ్ళీ అదే మోడల్ వెతికాను. నాకు మతి లేదని అందరూ అన్నారు. కానీ ఆ కారు సీటు ఎత్తుగా ఉంటుంది, తలుపు బార్లా తెరుచుకుంటుంది. డయాలసిస్ అయ్యాక మా ఆయన మోకాళ్ళు వంచకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలిగేది అదొక్కటే. ఆయనకు మిగిలిన కొద్దిపాటి దర్జా అది. దాన్ని ఎలా తీసెయ్యను?

కారు దొరికేదాకా క్యాబుల్లో తిరిగాం. ఇదివరకు ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు సిల్క్ బోర్డు రాకముందే గురక పెట్టే మనిషి, ఇప్పుడు ఏ బండి ఎక్కినా డ్రైవరు వైపు ఒరిగి వేడి చూపించే ముల్లు చూస్తూ కూర్చునేవారు. రెప్ప కూడా వేసేవారు కాదు. ఇల్లు చేరేసరికి సూదులు పీల్చింది కాక ఆ చూపు మిగతా ఓపికంతా పీల్చేసేది.

బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కారు దొరికింది. సాఫ్ట్‌వేర్ అబ్బాయిది. విజయదశమి మంచిరోజని ఆ రోజే వస్తామన్నాను. మా అమ్మ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళాను. ఆ మామ కలాసిపాళ్యలో నలభై ఏళ్ళు గ్యారేజీ నడిపినవాడు. కారు తెల్లగా మెరిసిపోతోంది. బంతిపూల దండ, రెండు పక్కలా అరటి పిలకలు, పక్కన పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. బానెట్ ఎత్తితే లోపల కూడా తళతళలే. మామ ఒక్కసారి చూసి మూత దించేశాడు.

“ఈ పొద్దు బెంగళూర్లో ఏ ఇంజన్ చూసినా పెండ్లికూతురే పాపా. ఆయుధపూజకి అందరూ కడిగేసింటారు. ఆయిల్ యాడ కారుతా ఉండాదో ఎట్ల తెలిసేది? ఒక వారం తిరగనీ. స్వల్ప మురికి పట్టినాక వస్తాం.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పండగ పూట పసుపు పూసిన బండిని కాదని వెనక్కి తిరగడం అపశకునం కూడానూ. ఇంటిదాకా మామతో మాట్లాడలేదు. ఆయనా పట్టించుకోలేదు, దారిలో ఆపించి ఒక్కడే మద్దూరు వడ తిన్నాడు.

వారం తర్వాత పొద్దున్నే వెళ్ళాం. ఇంజన్ జబ్బు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుందట, అందుకే మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం. మామ బానెట్ మీద అరచెయ్యి పెట్టి నా వైపు చూశాడు. నేనూ పెట్టాను. వెచ్చగా ఉంది.

“జస్ట్ పార్కింగ్ మార్చాను అంకుల్, అంతే. ఇంజన్ పర్ఫెక్ట్, ఒక్క ఇష్యూ కూడా లేదు,” అన్నాడు ఆ అబ్బాయి.

“సరేలే అప్పా. నువ్వు పోయి నీ పని చూసుకో. మేము ఈడే కూర్చుంటాం,” అన్నాడు మామ.

అపార్ట్‌మెంట్ మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాం. ఆఫీసుకు ఆలస్యమవుతోందని నేను పళ్ళు నూరుతున్నాను. “సుమ్నే ఉండు పాపా, తొందరపడొద్దు, చల్లారనీ,” అంటాడు తప్ప మామ కదలడు. చివరికి లేచి, ఆయిల్ మూత విప్పి, తిరగేసి నా ముందు పెట్టాడు. మూత లోపల పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగురు.

“చూడు. ఈడ మజ్జిగ చిలుకుతా ఉండారు.”

అదే రంగు జిగురు మా పాత ఇంజన్లోంచి తీసి చూపించారు నాకు. మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాను. దండ చూసి మురిసి ఆ పండగ రోజే కొనేసి ఉంటే, మళ్ళీ అదే ఫ్లైఓవర్, మళ్ళీ అదే ఆవిరి. కిందికి దిగి వచ్చిన ఆ అబ్బాయి ముఖం చూస్తే అతనికీ నిజంగా తెలిసినట్టు లేదు. పైన పటారం, లోన లొటారం అని గొణుక్కున్నాను. అది కారును అన్నానో నన్ను అనుకున్నానో చెప్పలేను.

రెండో కారు జిగణిలో. లేత్ షాపు నడిపే ఒక పెద్దమనిషిది. తలుపు మీద గీత, ఇంజన్ నిండా దుమ్ము. పండగ గుర్తుగా బానెట్ మీద ఒక్క కుంకుమ బొట్టు.

“పండగకి ఇంజన్ కడగలేదా అప్పా?” అన్నాడు మామ.

“నీళ్ళు పోస్తే వైర్లు పాడైతాయి అన్నా. బొట్టు పెట్టినాం, చాల్దా?” అని, మేము అడక్కముందే ఆయన షాపు గోడకు మేకున వేలాడుతున్న ఒక కాలిన రేకు తెచ్చి మామ చేతిలో పెట్టాడు. “ఈ గాడీకి ఒకసారి గ్యాస్కెట్ పోయిండాది. ఇదే అది. హెడ్ విప్పి, ఆ పై దిమ్మని నేనే చదును చేసి కొత్తది వేసినా. రెండేండ్లాయె. మళ్ళా వేడెక్కలేదు. ఇప్పుడు ఇంట్లో ఏడుమందిమి అయినాం, దీంట్లో పట్టం. అందుకే అమ్మేది.”

మామ ఆ రేకును వెలుగుకు ఎత్తి, కాలిన చోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత బానెట్ తాకాడు, చల్లగా ఉంది. ఆయిల్ మూత విప్పాడు, జిగురు లేదు. ఏసీ వేసి బన్నేరుఘట్ట రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు నాతో నడిపించాడు. చల్లారాక నీళ్ళ డబ్బా చూశాడు. గీత దగ్గరి నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

“ఇది తీసుకో. దీనికి రావాల్సిన జబ్బు వచ్చి పోయిండాది,” అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. “జబ్బు ముందే చెప్పి ఇచ్చేవాళ్ళు దొరకడం అదృష్టమే. నన్ను నీకిచ్చేటప్పుడు మా వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు.”

“బానెట్ ఎత్తకుండా ఒప్పుకుంది నేనే కదా,” అన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం.

ఆ సోమవారం కొత్తగా వచ్చిన పాత కారులో ఆస్పత్రికి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు దారంతా ఆయన ముల్లు చూస్తూనే ఉన్నారు. మాటలతో తగ్గే భయం కాదది.

తిరుగు ప్రయాణంలో సిల్క్ బోర్డు దగ్గర అరగంట ఇరుక్కున్నాం. ఎండ, ఏసీ, ముందూ వెనకా లారీలు. నా కళ్ళూ ముల్లు మీదే. నడిమికి వచ్చి ఆగింది, అక్కడి నుంచి కదల్లేదు. ఫ్లైఓవర్ ఎక్కాను. ఆ రోజు నేను చేతులూపుతూ నిలబడ్డ చోటు వచ్చింది, దాటిపోయింది. “చూశారా, కదల్లేదు,” అని పక్కకు తిరిగాను.

ఆయన తల అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు.

ఇల్లు వచ్చింది. ఇంజన్ ఆపితే ఆ చప్పుడు పోయి లేస్తారేమోనని ఆపలేదు. పావుగంట అలాగే నడవనిచ్చాను.